గృహ సముద్రజల అక్వేరియం

గృహ సముద్రజల అక్వేరియం అనగా సముద్రపు చేపలను ఇంటిలో పెంచడానికి ఉప్పునీటితో నింపి, వడపోత, నీటి ప్రసరణ, ఉష్ణోగ్రత నియంత్రణ, దీపాలు అమర్చిన అద్దాల తొట్టి. దీనిని వాడుకలో ఉప్పునీటి చేపల తొట్టి అనీ, మెరైన్ ట్యాంక్ అనీ అంటారు. నదులు, చెరువులలో పెరిగే చేపలు నీటి గుణాలలో రోజువారీ మార్పులకు కొంతవరకు అలవాటుపడి ఉంటాయి. సముద్రపు నీరు దాదాపు మార్పు లేనిది కనుక అందులోని చేపలకు ఆ ఓర్పు తక్కువ. సముద్రం చేసే పనిని ఇంటిలో పరికరాలే చేయవలసి ఉంటుంది. అందుచేత ఈ తొట్టిలో చేపల బతుకు పరికరాల ఎంపిక మీద ఆధారపడి ఉంటుంది.

ఏ పరికరానికి ఎంత ప్రాధాన్యం ఇవ్వాలన్నది తొట్టి ఉన్న ఊరి వాతావరణం, దొరికే నీరు, విద్యుత్ సరఫరా, అక్కడ అమలులో ఉన్న చట్టం అనే నాలుగు అంశాలు నిర్ణయిస్తాయి. పాశ్చాత్య దేశాల పుస్తకాలు ఎక్కువగా పగడాల తొట్టిని దృష్టిలో ఉంచుకొని వ్రాసినవి కనుక వాటిలో దీపాలకు పెద్దపీట వేయబడింది. భారతదేశంలో పగడాలు రక్షిత జీవులు. వేడి, పొడి వాతావరణం గల లోతట్టు ప్రాంతాలలో నీటి శుద్ధి, నీటిని చల్లబరచడం, కరెంటు పోయినప్పటి ఏర్పాటు ముందు వరుసలోకి వస్తాయి. దీపాలు చివరకు చేరతాయి. ఈ వ్యాసంలో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కర్నూలు జిల్లా పడమటి భాగంలోని ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాల పరిస్థితులు ఉదాహరణగా తీసుకోబడినవి.

చరిత్ర

సముద్ర జీవులను అద్దాల తొట్టిలో పెంచే పద్ధతి 19వ శతాబ్దపు ఐరోపాలో మొదలైనది. 1846లో అన్నా థిన్ అనే మహిళ ఇంగ్లండు తీరం నుండి లండన్ నగరానికి పగడాలను తెచ్చి పెంచింది. అప్పటికి గాలి పంపులు లేవు. నీటిని ఒక పాత్ర నుండి మరొక పాత్రలోకి ఎత్తి పోయడం ద్వారా అందులో గాలి కలిసేటట్లు చేసేవారు. 1853లో లండన్ జంతు ప్రదర్శనశాలలో ప్రజల కొరకు చేపల ప్రదర్శనశాల ప్రారంభమైనది. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ వ్రాసిన పుస్తకం ద్వారా అక్వేరియం అనే పదం ప్రచారం పొందినది. తీరానికి దూరంగా ఉన్నవారి కొరకు లవణాలను కలిపి కృత్రిమ సముద్రజలం తయారు చేసే ప్రయత్నాలు కూడా గాస్ చేశాడు.

భారతదేశంలో మద్రాసు మెరీనా తీరాన 1909లో సముద్ర జీవుల అక్వేరియం ప్రారంభమైనది. దీని రూపకల్పన మద్రాసు మ్యూజియం అధిపతి ఎడ్గార్ థర్స్టన్ చేశాడు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఇది మూతపడింది. బొంబాయిలో తారాపోర్‌వాలా అక్వేరియం 1951లో ప్రారంభమైనది. ఆంధ్ర తీరంలో విశాఖపట్నం బీచ్ రోడ్డులో మత్స్యదర్శిని అనే ప్రజా అక్వేరియం ఏర్పాటైనది. ఇవన్నీ సముద్రపు ఒడ్డునే వెలసినవి. తీరానికి దూరంగా ఉన్న ఇళ్ళలో సముద్రజల తొట్టి సాధ్యపడటానికి తయారు ఉప్పు మిశ్రమాలు, రివర్స్ ఆస్మాసిస్ యంత్రాలు, చిన్న చిల్లర్లు అందుబాటులోకి రావడమే కారణం.

ప్రాంత పరిస్థితులు

ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాలు 1953 అక్టోబరు 1 వరకు బళ్ళారి జిల్లా ఆదోని తాలూకాలో ఉండేవి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లాలో చేరాయి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా విడిపోయిన తరువాత కూడా ఈ రెండు పట్టణాలు కర్నూలు జిల్లాలోనే కొనసాగుతున్నాయి. ఆదోని పత్తి వ్యాపారానికి, ఎమ్మిగనూరు చేనేతకు ప్రసిద్ధి. తూర్పున బంగాళాఖాతం గానీ పడమట అరేబియా సముద్రం గానీ ఇక్కడికి సరళరేఖలో దాదాపు 300 కిలోమీటర్లు లేదా అంతకు మించిన దూరంలో ఉన్నాయి. సముద్రజల తొట్టి విషయంలో ఈ ప్రాంతానికి ఉన్న ముఖ్య లక్షణాలు ఇవి.

- వేడి: ఏప్రిల్, మే నెలలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. మిద్దె ఇళ్ళలో, పై అంతస్తు గదులలో పైకప్పు పగలంతా పీల్చుకున్న వేడిని రాత్రి కూడా వదులుతూ ఉంటుంది.
- పొడి గాలి: తీర జిల్లాలతో పోలిస్తే వేసవిలో గాలిలో తేమ చాలా తక్కువ. నీరు త్వరగా ఆవిరి అవుతుంది.
- నీరు: ఈ పట్టణాలకు తుంగభద్ర దిగువ కాలువ నీరు ముఖ్య ఆధారం. కాలువ పారని నెలల కొరకు నీటిని చెరువులలో నిల్వ చేస్తారు. బోరు నీరు చాలాచోట్ల కఠినజలం.
- ధూళి: జిన్నింగు మిల్లుల పరిసరాలలో పత్తి నూగు గాలిలో తేలుతూ ఉంటుంది. ఇది చిల్లర్ జాలీలో, ఫ్యాన్ రెక్కల మీద పేరుకొనే అవకాశం ఉన్నది.

చట్టపరమైన పరిమితులు

2001లో కేంద్ర ప్రభుత్వం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 యొక్క మొదటి షెడ్యూలులో అనేక సముద్ర జీవులను చేర్చింది. దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నీ, నల్ల పగడాలు, అగ్ని పగడాలు, ఆర్గాన్ పైప్ పగడం, సముద్రపు విసనకర్రలు, సముద్రపు గుర్రాలు, వాటి కుటుంబానికి చెందిన పైపు చేపలు, సముద్రపు దోసకాయలు, రాక్షస గ్రూపర్ చేప, కొన్ని జాతుల గవ్వలు, శంఖాలు ఇందులో ఉన్నాయి. వీటిని పట్టడం, అమ్మడం, కొనడం నేరం. చనిపోయిన పగడపు ముక్కలు, అలంకరణ కొరకు అమ్మే పగడపు కొమ్మలు కూడా ఈ పరిధిలోకి వస్తాయి. గట్టి పగడాల అంతర్జాతీయ వ్యాపారం సైట్స్ ఒప్పందం క్రింద నియంత్రించబడుతున్నది.

ఈ నిబంధన పరికరాల జాబితాను నేరుగా మారుస్తుంది. పగడాలు లేని తొట్టికి తీవ్రమైన దీపాలు, కాల్షియం అందించే యంత్రాలు అవసరం లేదు. విదేశీ పుస్తకాలలో సజీవ శిల అని పిలిచే రాయి నిజానికి పగడపు దిబ్బ ముక్క కనుక దానికి ప్రత్యామ్నాయం చూసుకోవాలి. కావున భారతదేశంలో గృహ సముద్రజల అక్వేరియం అంటే ఆచరణలో చేపలు మాత్రమే ఉండే తొట్టి.

తొట్టి, పీట

చిన్న తొట్టి చౌకగా కనిపించినప్పటికీ సముద్రజలానికి అది తగినది కాదు. నీరు తక్కువైన కొద్దీ వేడి, ఉప్పదనం, వ్యర్థాల మార్పులు వేగంగా జరుగుతాయి. క్రొత్తవారికి కనీసం 200 లీటర్ల తొట్టి మేలు. ఉదాహరణకు 120 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పు, 50 సెంటీమీటర్ల ఎత్తు గల తొట్టి ఘనపరిమాణం 270 లీటర్లు. ఇసుక, రాళ్ళు, పైన వదిలే ఖాళీ పోగా ఇందులో సుమారు 230 లీటర్ల నీరు పడుతుంది. ఈ ఎత్తుకు సాధారణంగా 10 నుండి 12 మిల్లీమీటర్ల మందం గల అద్దం వాడతారు. నీరు, అద్దం, ఇసుక, రాళ్ళు కలిపి బరువు 350 కిలోలకు చేరువవుతుంది. ఈ బరువును చెక్క బల్ల ఆపలేదు. ఇటుక గోడల మీద పరచిన బేతంచెర్ల నాపరాతి బండ గానీ, రంగు వేసిన ఇనుప చట్రం గానీ తగినవి. బండకు, అద్దానికి మధ్య థర్మోకోల్ పలక పరచాలి.

తొట్టిని పడమటి ఎండ పడే గోడ ప్రక్కన, వంటగది ప్రక్కన, కిటికీ ఎదుట ఉంచరాదు. ఇంటిలో అన్నిటికంటే చల్లగా ఉండే గది దీనికి సరియైన చోటు. గది ఎంపికకు ఖర్చు లేదు గానీ వేసవిలో దాని ఫలితం చిల్లర్ పని గంటలలో కనిపిస్తుంది.

నీరు

సముద్రజలానికి ఆధారం శుద్ధమైన మంచినీరు. కుళాయి నీటిలోని క్లోరిన్ చేపల మొప్పలను, వడపోతలోని బాక్టీరియాను దెబ్బతీస్తుంది. సోడియం థయోసల్ఫేటు క్లోరిన్‌ను తొలగిస్తుంది. కానీ నీటిలో కరిగి ఉన్న నైట్రేట్లను, ఫాస్ఫేట్లను, లోహాలను అది తొలగించదు. వీటికి రివర్స్ ఆస్మాసిస్ యంత్రం అవసరం.

కర్నూలు జిల్లాలో భూగర్భజలం అనగానే ఫ్లోరైడు గుర్తుకు వస్తుంది. సముద్రపు నీటిలోనే లీటరుకు సుమారు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడు సహజంగా ఉంటుంది కనుక సముద్రపు చేపలకు అది ముఖ్య సమస్య కాదు. పొలాల ఎరువుల నుండి, మురుగు నుండి బోరు నీటిలోకి చేరే నైట్రేటు ఎక్కువ ఇబ్బంది కలిగిస్తుంది. ఆవిరైన నీటికి బదులుగా ప్రతిరోజూ బోరు నీరు పోస్తే అందులోని లవణాలన్నీ తొట్టిలో పేరుకుపోతాయి. కొద్ది నెలలలో నాచు పెరుగుతుంది.

ఇళ్ళలో వాడే త్రాగునీటి ఆర్.ఓ. యంత్రాలలో చాలా వాటికి శుద్ధి చేసిన నీటిలో కొంత ముడినీటిని తిరిగి కలిపే మర ఉంటుంది. త్రాగే నీటికి రుచి కొరకు ఇది అమర్చబడింది. తొట్టికి నీరు పట్టేటప్పుడు దీనిని పూర్తిగా మూయాలి. పట్టణాలలో క్యాన్లలో అమ్మే మినరల్ వాటర్ కూడా ఆర్.ఓ. నీరే. అయితే ప్లాంటును బట్టి నాణ్యత మారుతుంది కనుక టి.డి.ఎస్. మీటరుతో పరీక్షించిన తరువాతనే వాడాలి. ఆర్.ఓ. తరువాత డీ-అయొనైజేషన్ రెజిన్ గొట్టం అమరిస్తే టి.డి.ఎస్. సున్నాకు దగ్గరవుతుంది.

ఉప్పు

సముద్రజలంలో కిలోకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. ఈ లవణాలలో క్లోరైడు 55 శాతం, సోడియం 30.6 శాతం, సల్ఫేటు 7.7 శాతం, మెగ్నీషియం 3.7 శాతం, కాల్షియం 1.2 శాతం, పొటాషియం 1.1 శాతం. వంట ఉప్పులో సోడియం, క్లోరైడు మాత్రమే ముఖ్యంగా ఉంటాయి కనుక దానితో సముద్రజలం తయారు కాదు. అక్వేరియం కొరకు తయారైన ఉప్పు మిశ్రమమే వాడాలి. పైన చెప్పిన 230 లీటర్ల తొట్టికి 8 కిలోలకు పైగా మిశ్రమం పడుతుంది. దీనిని వేరే డ్రమ్ములో ఆర్.ఓ. నీటితో కలిపి, పంపుతో ఒక రోజు తిప్పి, తరువాత తొట్టిలో పోయాలి. చేపలున్న తొట్టిలో నేరుగా ఉప్పు వేయరాదు.

తీరం నుండి సముద్రపు నీటిని తెచ్చుకోవడం ఈ ప్రాంతానికి లాభసాటి కాదు. రవాణా ఖర్చుతో పాటు, ఒడ్డు నీటిలో మురుగు, నూనె, రోగక్రిములు ఉండవచ్చు. పైగా నదుల వరద వలన బంగాళాఖాతపు తీరంలో ఉప్పదనం కాలాన్ని బట్టి మారుతూ ఉంటుంది.

ఉప్పదనాన్ని కొలవడానికి హైడ్రోమీటరు, రిఫ్రాక్టోమీటరు అనే రెండు సాధనాలు ఉన్నాయి. రిఫ్రాక్టోమీటరు నమ్మదగినది. కోస్తా జిల్లాలలో రొయ్యల సాగు విస్తారంగా ఉన్నందువలన నెల్లూరు, భీమవరం వంటి చోట్ల ఆక్వా దుకాణాలలో రిఫ్రాక్టోమీటర్లు, అమ్మోనియా పరీక్ష కిట్లు, గాలి పంపులు దొరుకుతాయి. చేపల తొట్టికి కూడా ఇవే పనికి వస్తాయి.

చేపల తొట్టికి నీటి ప్రమాణాలు:

- సాపేక్ష సాంద్రత: 1.020 నుండి 1.025
- ఉష్ణోగ్రత: 24 నుండి 28 డిగ్రీల సెల్సియస్
- పి.హెచ్.: 8.0 నుండి 8.4
- అమ్మోనియా, నైట్రైటు: సున్నా
- నైట్రేటు: లీటరుకు 40 మిల్లీగ్రాముల లోపు

ఆవిరి, ఉప్పదనం

నీరు ఆవిరైనప్పుడు ఉప్పు తొట్టిలోనే మిగిలిపోతుంది. పైన చెప్పిన తొట్టిలో వేసవిలో రోజుకు 4 లీటర్లు ఆవిరైనదనుకుంటే, పది రోజులు నీరు పోయకపోతే 230 లీటర్లు 190 లీటర్లవుతాయి. అప్పుడు ఉప్పదనం లీటరుకు 35 గ్రాముల నుండి 42 గ్రాములు దాటుతుంది. ఇంటివారు ఊరికి వెళ్ళివచ్చేలోగా చేపలు చనిపోవడానికి ఇదొక కారణం. తరిగిన నీటి స్థానంలో ఉప్పు కలపని ఆర్.ఓ. నీరు మాత్రమే పోయాలి. నీటి మట్టం తగ్గగానే చిన్న పంపు ద్వారా నీరు చేర్చే ఆటోమేటిక్ టాప్-అప్ పరికరం ఈ ప్రాంతంలో విలాసం కాదు, అవసరం. దాని నీటి పాత్ర కనీసం వారం రోజులకు సరిపడేదిగా, అంటే 30 లీటర్లకు తగ్గకుండా ఉండాలి.

వడపోత, నీటి ప్రసరణ

చేపల విసర్జన, మిగిలిన మేత కుళ్ళి అమ్మోనియాగా మారుతుంది. ఒక రకం బాక్టీరియా దీనిని నైట్రైటుగాను, మరొక రకం నైట్రేటుగాను మారుస్తాయి. మొదటి రెండూ విషపదార్థాలు. పి.హెచ్., ఉష్ణోగ్రత పెరిగిన కొద్దీ అమ్మోనియా విషం తీవ్రమవుతుంది. సముద్రజలం పి.హెచ్. స్వభావరీత్యా ఎక్కువ కనుక వేసవిలో ఈ ప్రమాదం రెట్టింపవుతుంది.

ఈ బాక్టీరియా నివసించడానికి రంధ్రాలు గల ఉపరితలం కావాలి. సజీవ శిల బదులు సిరామిక్ దిమ్మెలు, సిరామిక్ రింగులు వాడవచ్చు. అలంకరణకు ఆదోని చుట్టుప్రక్కల కొండల గ్రానైటు రాయి నీటిలో కరగదు కనుక పనికి వస్తుంది. సున్నపురాయి కొద్దిగా కరిగి పి.హెచ్. నిలబడటానికి సహాయపడుతుంది. నిమ్మరసం గానీ వెనిగర్ గానీ వేసినప్పుడు నురగ వస్తే అది సున్నపురాయి అని గుర్తించవచ్చు. తుప్పు మరకలు, మెరిసే లోహపు చారలు ఉన్న రాళ్ళను వాడరాదు.

ప్రొటీన్ స్కిమ్మర్ అనే పరికరం నీటిలోనికి సన్నని గాలి బుడగలను పంపి, వాటికి అంటుకొనే జిగురు పదార్థాలను నురగ రూపంలో గిన్నెలోకి తోస్తుంది. ఇది వ్యర్థాలు అమ్మోనియాగా మారకముందే తొలగిస్తుంది, నీటిలో ప్రాణవాయువును కూడా పెంచుతుంది. తొట్టి నీటి పరిమాణానికి ఒకటిన్నర నుండి రెండు రెట్లకు తగిన స్కిమ్మర్ ఎంచుకోవడం మంచిది.

స్కిమ్మర్, చిల్లర్ పంపు వంటివి అమర్చడానికి తొట్టి క్రింద ఉంచే రెండవ తొట్టిని సంపు అంటారు. ఇళ్ళలో నేల క్రింద కట్టే నీటి సంపుకు, దీనికి పేరులో మాత్రమే పోలిక. కరెంటు పోయినప్పుడు పై తొట్టి నుండి గొట్టాల ద్వారా కొంత నీరు సంపులోకి దిగుతుంది. ఆ నీరు పట్టేంత ఖాళీ సంపులో వదలకపోతే ప్రతి కరెంటు కోతకు గది నేల ఉప్పునీటితో తడుస్తుంది.

ఉష్ణోగ్రత నియంత్రణ

నీరు వేడెక్కిన కొద్దీ అందులో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. 35 గ్రాముల ఉప్పదనం గల నీటిలో 25 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 6.7 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది. 30 డిగ్రీల వద్ద ఇది సుమారు 6.2 మిల్లీగ్రాములు. అదే సమయంలో చేపల శ్వాసక్రియ వేగం పెరుగుతుంది. వేడి నీటిలో చేపలు పైకి వచ్చి నోరు తెరుచుకోవడానికి ఇది కారణం. చలి దేశాలలో తప్పనిసరి అయిన హీటరు ఇక్కడ డిసెంబరు, జనవరి రాత్రులలో తప్ప పనికి రాదు. ఇక్కడి అవసరం చల్లబరచడం.

1. ఫ్యాన్: నీటి ఉపరితలం మీదుగా గాలి వీచే చిన్న ఫ్యాన్ నీటిని ఆవిరి చేయడం ద్వారా చల్లబరుస్తుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి కావాలి. 230 లీటర్ల నీటిని ఒక డిగ్రీ చల్లబరచడానికి తీయవలసిన వేడి సుమారు 950 కిలోజౌళ్లు. అనగా ఒక లీటరు ఆవిరైతే, బయటి నుండి వేడి చేరకపోతే, నీరు రెండున్నర డిగ్రీలు చల్లబడుతుంది. మట్టి కుండలో నీరు చల్లబడే సూత్రం ఇదే. గాలి పొడిగా ఉండే ఆదోని వేసవిలో ఈ పద్ధతి తీరప్రాంతాలలో కన్నా బాగా పనిచేస్తుంది. వానాకాలపు తేమ రోజులలో దీని ఫలితం తగ్గుతుంది.
2. చిల్లర్: రిఫ్రిజిరేటర్ సూత్రం మీద పనిచేసే యంత్రం. ఇది నీటి నుండి తీసిన వేడిని వెనుకవైపు గదిలోకి వదులుతుంది. గాలి ఆడని చిన్న గదిలో ఉంచితే తాను వదిలిన వేడితోనే తాను పోరాడుతుంది. దీని జాలీని పత్తి నూగు, ధూళి లేకుండా నెలకొకసారి శుభ్రపరచాలి.
3. ఎయిర్ కండిషనర్: గదినంతా చల్లబరుస్తుంది. ఇంటివారు ఆ గదిలోనే నిద్రించే పక్షంలో ఒకే ఖర్చుతో రెండు పనులు జరుగుతాయి.

ఆచరణలో ఫ్యాన్‌ను మొదట, అది చాలనప్పుడు చిల్లర్‌ను పనిచేయించే ఏర్పాటు పొదుపైనది. నీటి మీద అద్దపు మూత పెడితే ఆవిరి ఆగి వేడి నిలుస్తుంది. చేపలు బయటకు దూకకుండా అద్దానికి బదులు సన్నని వల మూత వాడాలి.

విద్యుత్ సరఫరా

సముద్రజల తొట్టిలో పంపు ఆగిన కొద్ది గంటలకే ప్రాణవాయువు తగ్గడం మొదలవుతుంది. ఫిల్టర్ డబ్బాలో నిలిచిన నీటిలో బాక్టీరియా ఊపిరాడక చనిపోతాయి. కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఆ చెడిన నీరు తొట్టిలోకి వస్తుంది.

12 వోల్టుల 150 ఆంపియర్-అవర్ బ్యాటరీలో పేరుకు 1,800 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. నష్టాలు పోగా 1,000 వాట్-అవర్లు వాడుకోవచ్చు. ప్రసరణ పంపు, గాలి పంపు కలిపి 40 వాట్లయితే దాదాపు 25 గంటలు నడుస్తాయి. 250 వాట్ల చిల్లర్‌ను కలిపితే నాలుగు గంటలు కూడా నిలవదు. కావున ఇన్వర్టర్ మీద పంపులను, ఫ్యాన్‌ను మాత్రమే ఉంచి చిల్లర్‌ను, దీపాలను ప్రక్కన పెట్టాలి. ఇంటి ఫ్యాన్లు, లైట్లు నడిచే ఇన్వర్టర్‌కు తొట్టిని కలిపితే రెండూ చాలవు. ఇన్వర్టర్ లేనివారు బ్యాటరీతో నడిచే గాలి పంపునైనా తప్పక ఉంచుకోవాలి.

చిల్లర్‌కు ఓల్టేజి స్టెబిలైజర్ అవసరం. కరెంటు వచ్చిన వెంటనే కంప్రెసర్ మొదలు కాకుండా మూడు నుండి ఐదు నిమిషాలు ఆపే సదుపాయం స్టెబిలైజర్‌లో ఉండాలి. ఉప్పునీరు విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది కనుక సరియైన ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. తప్పనిసరి. తీగలను ప్లగ్గు కన్నా క్రిందికి వ్రేలాడేటట్లు వంపు తిప్పి అమర్చితే తీగ వెంబడి జారిన నీరు ప్లగ్గులోకి చేరదు. తొట్టిలో చేయి పెట్టే ముందు అన్ని పరికరాలను ఆపివేయాలి.

దీపాలు

దీపాల అవసరం తొట్టిలోని జీవులను బట్టి మారుతుంది. పగడాల కణజాలంలో జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు నివసిస్తాయి. ఇవి కిరణజన్య సంయోగక్రియ ద్వారా పగడానికి ఆహారాన్ని ఇస్తాయి. అందుచేత విదేశాలలో పగడాల తొట్టిలకు తీవ్రమైన, నీలి కాంతి ఎక్కువగా ఉన్న దీపాలు వాడతారు. చేపలకు ఈ అవసరం లేదు. పగలు, రాత్రి భేదం తెలియడానికి, మేత కనిపించడానికి, చూసేవారికి చేపల రంగులు కనిపించడానికి చాలినంత వెలుతురు సరిపోతుంది.

వాడుకలో ఉన్న దీపాల రకాలు:

- ట్యూబ్‌లైట్లు: టి-8 రకం పాతది. టి-5 రకం సన్నగా, ఎక్కువ కాంతివంతంగా ఉంటుంది. 6,500 నుండి 10,000 కెల్విన్ల ట్యూబు చేపల తొట్టికి చాలును. ఉప్పు తేమకు వీటి హోల్డర్లు త్వరగా తుప్పు పడతాయి.
- మెటల్ హాలైడ్: 150, 250, 400 వాట్లలో లభించే ఈ దీపాలు ఒకప్పుడు పగడాల తొట్టిలకు ప్రమాణంగా ఉండేవి. ఇవి తీవ్రమైన వేడిని విడుదల చేస్తాయి. పశ్చిమ కర్నూలు వంటి ప్రాంతానికి ఇవి తగవు.
- ఎల్.ఇ.డి.: తక్కువ విద్యుత్తుతో ఎక్కువ కాంతిని ఇస్తాయి. వేడి వెనుకవైపు లోహపు పలక ద్వారా పైకి పోతుంది గానీ నీటి మీద పడదు. తెలుపు, నీలం రంగులను వేరువేరుగా తగ్గించుకొనే వీలు ఉంటుంది. ప్రస్తుతం ఇవే ఎక్కువగా వాడబడుతున్నాయి.

ఖర్చులో తేడా లెక్కలో స్పష్టమవుతుంది. 250 వాట్ల మెటల్ హాలైడ్ దీపం రోజుకు 8 గంటల చొప్పున నెలకు 60 యూనిట్లు వాడుతుంది. 30 వాట్ల ఎల్.ఇ.డి. దీపం అదే కాలానికి 7 యూనిట్లకు కొంచెం పైగా వాడుతుంది. మెటల్ హాలైడ్ వదిలిన వేడిని తిరిగి చిల్లర్ తొలగించవలసి రావడంతో ఖర్చు మరింత పెరుగుతుంది.

120 సెంటీమీటర్ల తొట్టికి 20 నుండి 30 వాట్ల ఎల్.ఇ.డి. పట్టీ చాలును. కొనేటప్పుడు నీటి తుంపరలను తట్టుకొనే ఐ.పి. 65 ప్రమాణం ఉన్నదా అని చూడాలి. దీపాన్ని నీటి మట్టానికి 15 నుండి 20 సెంటీమీటర్ల ఎత్తున అమర్చాలి. టైమరు ద్వారా రోజుకు 6 నుండి 8 గంటలు వెలిగించడం సరిపోతుంది. అంతకు మించితే నాచు పెరుగుతుంది. వేసవిలో దీపాలను మధ్యాహ్నం కాకుండా సాయంత్రం వేళ వెలిగిస్తే నీటి మీద వేడి భారం తగ్గుతుంది, ఇంటివారు చూడటానికీ అదే అనువైన సమయం.

తొట్టిని సిద్ధపరచడం, చేపల ఎంపిక

నీరు, ఉప్పు, పరికరాలు అమర్చిన తరువాత వడపోతలో బాక్టీరియా స్థిరపడటానికి సాధారణంగా 4 నుండి 6 వారాలు పడుతుంది. ఈ కాలంలో కొద్దిగా అమ్మోనియా చేర్చుతూ, అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు వచ్చేవరకు పరీక్షించాలి. ఇందుకు చేపలను బలిచేయవలసిన అవసరం లేదు. అక్టోబరు, నవంబరు నెలలలో మొదలుపెడితే తొట్టి స్థిరపడిన తరువాతనే మొదటి వేసవి వస్తుంది.

సముద్రపు అలంకార చేపలలో అధిక భాగం పగడపు దిబ్బల నుండి పట్టినవే. కొన్ని దేశాలలో వీటిని సైనైడు చల్లి పట్టడం వలన చేపలతో పాటు దిబ్బలు కూడా దెబ్బతిన్నాయి. క్లౌన్ చేపలు, కొన్ని డామ్సెల్ చేపలు మాత్రం హేచరీలలో పొదిగించబడుతున్నాయి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మండపం, విళింజం కేంద్రాలలో క్లౌన్ చేపల ఉత్పత్తి విధానాన్ని అభివృద్ధి చేసింది. హేచరీ చేపలు తొట్టి నీటికి, తయారు మేతకు పుట్టినప్పటినుండి అలవాటుపడినవి కనుక ఎక్కువ కాలం బతుకుతాయి. క్లౌన్ చేపకు సముద్రపు ఆనిమోన్ లేకపోయినా ఇబ్బంది లేదు. 230 లీటర్ల తొట్టికి నాలుగైదు చిన్న చేపలు చాలును. బ్లూ టాంగ్ వంటివి 25 సెంటీమీటర్లకు పైగా పెరుగుతాయి కనుక ఇటువంటి తొట్టికి తగవు.

నీటి వినియోగం, విమర్శ

వారానికి పదవ వంతు నీరు మార్చే పద్ధతిలో 23 లీటర్లు, ఆవిరికి బదులుగా వేసవిలో 28 లీటర్లు, మొత్తం సుమారు 50 లీటర్ల ఆర్.ఓ. నీరు వారానికి అవసరమవుతుంది. ఒక లీటరు శుద్ధజలానికి మూడు లీటర్లు వృథా అయ్యే యంత్రంలో 150 లీటర్లు బయటకు పోతాయి. వేసవిలో త్రాగునీటికి ఇబ్బందిపడే ప్రాంతంలో ఇది పట్టించుకోవలసిన విషయం. ఈ వృథా నీటిని నేల కడగడానికి, మరుగుదొడ్లకు వాడుకోవచ్చు. తొట్టి నుండి తీసిన ఉప్పునీటిని మాత్రం చెట్లకు, పెరటి నేలకు పోయరాదు. నల్లరేగడి నేలలో చేరిన సోడియం మట్టిని గట్టిపరచి సాగుకు పనికిరాకుండా చేస్తుంది. దానిని మురుగు కాలువలోకే వదలాలి.

రోజుకు పది గంటలు నడిచే 250 వాట్ల చిల్లర్ నెలకు 75 యూనిట్లు, 40 వాట్ల పంపులు సుమారు 29 యూనిట్లు వాడతాయి. ఈ ఖర్చు, ఆర్.ఓ. నీరు, కరెంటు పోయినప్పటి ఏర్పాటు భరించలేనప్పుడు మంచినీటి అక్వేరియం మంచి ప్రత్యామ్నాయం. పరికరాలు కొనే క్రమంలో ఆర్.ఓ. యంత్రం, చల్లబరిచే ఏర్పాటు, బ్యాటరీ, స్కిమ్మర్ సమకూరిన తరువాత మిగిలిన సొమ్ముతో దీపాలు కొనడం ఈ ప్రాంతానికి తగిన వరుస. దీపం చాలకపోతే చేపలు కొంచెం మసకగా కనిపిస్తాయి. చిల్లర్ గానీ బ్యాటరీ గానీ లేకపోతే మే నెలలో ఒక్క మధ్యాహ్నపు కరెంటు కోతకు తొట్టి మొత్తం ఖాళీ కావచ్చు.

ఇవి కూడా చూడండి

- అక్వేరియం
- ఆదోని
- ఎమ్మిగనూరు
- తుంగభద్ర నది
- పగడపు దిబ్బ
- వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972